సీల్స్ తిరిగొచ్చాయి సరే, మరి వల చిరిగినోడి సంగతేంటి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో చాలావరకు ఒకటే విషయం. ఎక్కడో విదేశీ జాలరి ఒకాయన వల పైకి లాగితే అందులో అన్నీ సగం కొరికిన చేపలే, పక్కనే నీళ్ళలోంచి సీల్ అనే సముద్రపు జంతువు తల బయటపెట్టి చూస్తూ ఉంటుంది. ఒకప్పుడు దాదాపు లేకుండా పోయిన ఈ సీల్స్ కొన్ని విదేశీ తీరాల్లో మళ్ళీ పెరిగాయి, గోలంతా అందుకే. ఆ వీడియో మన శ్రీకాకుళం, విజయనగరం తీరం గ్రూపులన్నిట్లో తిరిగేసినట్టుంది. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి సీల్స్ గురించీ, ఆ వంకన మన తాబేళ్ళ గురించీ అడిగినవాటికే జవాబులు రాస్తున్నా.

*

మేడం గారూ, మాది బందరువానిపేట. మా మరిది ఆ వీడియో పంపినకాడ్నుంచి ఇంట్లో ఒకటే గోల, ఇప్పటికే చేప లేదు, ఇవి కూడా వచ్చేస్తే ఇంకేటి తింటామని. నిజంగా మన సముద్రంలోకి వస్తాయా ఇవి? అసలు చేపా, జంతువా?
– ఒక పాఠకురాలు, గార మండలం

రావమ్మా, ఆ భయం అస్సలు పెట్టుకోకండి. బంగాళాఖాతంలో గానీ అటు అరేబియా సముద్రంలో గానీ సీల్స్ కాపురం లేదు. వాటిల్లో ఎక్కువ రకాలు చల్లటి నీళ్ళవి, ఉత్తర అట్లాంటిక్, బాల్టిక్, అంటార్కిటికా అటువైపు ఉంటాయి. వెచ్చటి నీళ్ళలో బతికే మంక్ సీల్స్ అని ఉన్నాయి గానీ అవి హవాయి దగ్గర కొన్ని, మధ్యధరా సముద్రం వైపు కొన్ని, అంతే.

చేప కాదు, జంతువే. మనలాగే గాలి పీలుస్తుంది, పిల్లని కని పాలిస్తుంది. డాల్ఫిన్ అయితే పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా నీళ్ళలోనే ఉంటుంది, సీల్ మాత్రం కనడానికీ, బొచ్చు మార్చుకోవడానికీ, అలిసిపోతే పడుకోడానికీ ఒడ్డు ఎక్కాల్సిందే. మీ వీడియోలో ఉన్నది బూడిద రంగు సీల్ అనుకుంటా, దాని సంగతి చెప్తా వినండి. పిల్ల పుట్టినప్పుడు సుమారు 14 కిలోలు, ఒళ్ళంతా తెల్లటి బొచ్చు. తల్లి పాలు ఎంత చిక్కనంటే మన గేదె పాలలో వెన్న ఏడెనిమిది శాతం ఉంటే దీని పాలలో 60 శాతం దాకా ఉంటుంది, ఆ పాలు తాగి పిల్ల రోజుకి దగ్గర దగ్గర రెండు కిలోలు పెరుగుతుంది. పాలిచ్చే ఆ మూడు వారాలూ తల్లి ఏమీ తినదు, తన ఒంట్లో కొవ్వంతా పాలుగా ఇచ్చేసి ఎండిపోతుంది, తర్వాత పిల్లని ఒడ్డునే వదిలేసి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. పిల్ల ఒక్కతే ఆ తెల్ల బొచ్చు రాల్చుకుని, ఆకలేసినప్పుడు తనంతట తనే నీళ్ళలో దిగి వేట నేర్చుకోవాలి. అన్ని రోజులు కదలకుండా ఒడ్డున పడుంటుంది కాబట్టే మనిషి చేతికి అంత తేలిగ్గా చిక్కింది.

*

సీల్స్ తిరిగొచ్చాయి అని రాస్తున్నారు కదా మేడం, మరి మధ్యలో ఎక్కడికి పోయాయి?
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

ఎక్కడికీ పోలేదు బాబూ, చంపేశారు. అదీ దొంగచాటుగా కాదు, గవర్నమెంటే డబ్బులిచ్చి చంపించింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 1888 నుంచి 1962 దాకా సీల్‌ని చంపి ముక్కు కోసి తీసుకెళ్తే బహుమతి ఇచ్చేవాళ్ళు, ముక్కుకి 5 డాలర్ల దాకా. పక్కనున్న మెయిన్ రాష్ట్రంలో కూడా కొన్నేళ్ళు ఇదే పద్ధతి నడిచింది. జాలర్ల చేపలు తినేస్తున్నాయన్నదే కారణం. తోలు కోసం, నూనె కోసం చంపినవి వేరే. ఆఖరికి ఆ తీరంలో బూడిద సీల్ దాదాపు కనపడకుండా పోయింది.

1972లో అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం తెచ్చింది, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అదే ఏడాది వచ్చింది చూడండి. ఆ చట్టంతో సీల్‌ని చంపడమే కాదు, బెదరగొట్టడం కూడా నేరం అయింది. పైన కెనడాలో సేబుల్ అని సన్నటి ఇసుక దీవి ఉంది, ప్రపంచంలో బూడిద సీల్స్ అన్నిటికంటే ఎక్కువగా కనేది అక్కడే. అటువైపు నుంచి కొన్ని మెల్లగా కిందకి దిగి మసాచుసెట్స్ దగ్గర మస్కెగెట్ అనే దీవిలో మళ్ళీ కనడం మొదలుపెట్టాయి, ఇప్పుడు అదే రాష్ట్రంలోని కేప్ కాడ్ ఒడ్డున గుంపులు గుంపులుగా పడుకుని కనిపిస్తాయి.

బ్రిటన్ వాళ్ళు ఇంకా ముందే, 1914లోనే బూడిద సీల్‌కి చట్టం చేశారు, ఇప్పుడక్కడ లక్షకి పైనే ఉన్నాయి. బాల్టిక్ సముద్రం కథ మాత్రం వేరు, ఇది కొంచెం మనసుపెట్టి చదవండి. 1900 ప్రాంతంలో అక్కడ లక్ష దాకా ఉండేవని లెక్క, వేటతో సగం పైన పోయాయి, మిగిలినవాటిని కెమికల్స్ తిన్నాయి. పీసీబీలనే ఫ్యాక్టరీ కెమికల్స్, డీడీటీ అనే పురుగుమందు ఫ్యాక్టరీల్లోంచి పొలాల్లోంచి నీళ్ళలోకి, చేపలోకి, అక్కణ్ణుంచి సీల్ కొవ్వులోకి చేరి ఆడ సీల్స్ గర్భసంచులు మూసుకుపోయి గొడ్రాళ్ళయిపోయాయి. 1970ల్లో కొన్ని వేలు మిగిలాయి. ఆ కెమికల్స్ ఆపాక, వేట ఆపాక, ఇప్పుడు 40 వేలకి పైగా లెక్కకొస్తున్నాయి. అంటే తుపాకీ దించడం ఒక్కటే చాల్లేదు, నీళ్ళు కూడా బాగుపడాల్సి వచ్చింది. మన తీరం వెంట ఫ్యాక్టరీ పైపులు ఎక్కడెక్కడ సముద్రంలోకి దిగుతున్నాయో తెలిసినవాళ్ళకి ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

పసిఫిక్ వైపు ఏనుగు సీల్ అని ఉంది, మగదానికి తొండంలా వేలాడే ముక్కు. నూనె కోసం చంపీ చంపీ 1890ల నాటికి మెక్సికో దగ్గర గ్వాడలూప్ దీవిలో వంద కూడా లేవంటారు. 1922లో మెక్సికో ప్రభుత్వం కాపాడటం మొదలుపెడితే ఇవాళ రెండు లక్షల పైమాటే. కరీబియన్ మంక్ సీల్‌కి ఆ అదృష్టం లేదు, చివరిసారి కచ్చితంగా కనపడింది 1952లో, 2008లో ఇక లేదని ప్రకటించేశారు.

*

చేప అవే తినేస్తే జాలరి ఏం చేయాలి? కాపాడమనే వాళ్ళకి వల లేదు కాబట్టి వాళ్ళకి బాగానే ఉంటాది. నా మాట మీకు కోపం తెప్పిస్తే క్షమించండి.
– తెప్ప మీద వేటకెళ్ళే పాఠకుడు, ఎచ్చెర్ల మండలం

కోపం ఎందుకు తమ్ముడూ, ఈ నెల వచ్చినవాటిల్లో అసలైన ప్రశ్న నీదే. పొడుగ్గా జవాబిస్తా, ఓపిగ్గా చదువు.

ముందు నష్టం నిజమే, ఎవరూ కాదనడానికి లేదు. పెద్ద సీల్ ఒకటి రోజుకి సుమారు ఐదు కిలోల చేప తింటుంది. అది సముద్రంలో తిరిగి తిన్నా జాలరికి తెలీదు, కానీ వలలో ఇరుక్కున్న చేప దానికి వడ్డించిన విస్తరి, వచ్చి పొట్ట దగ్గర మెత్తటిది కొరికి తలకాయ వదిలేసి పోతుంది, వల చింపేస్తుంది. అక్కడితో అయిపోలేదు. సీల్ కడుపులో ఉండే ఒకరకం పురుగు గుడ్లు నీళ్ళలో పడి చిన్న పీతా రొయ్యా జాతుల ద్వారా కాడ్ చేప కండలోకి చేరతాయి. సీల్స్ ఎక్కువైన చోట కాడ్‌లో పురుగులు ఎక్కువ. ప్లాంటులో ఆడవాళ్ళు కోసిన ముక్కని కింద నుంచి లైటు పడే బల్ల మీద పెట్టి, ఆ వెలుగులో కనపడ్డ పురుగుల్ని ఒక్కొక్కటీ పీకాలి. ఆ కూలీ ఖర్చు తిరిగి తిరిగి జాలరికిచ్చే రేటులోనే కోత పడుతుంది.

ఇప్పుడు రెండోవైపు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అని ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా గొప్ప కాడ్ తీరం. పెద్ద పెద్ద ఫ్యాక్టరీ ఓడలు వచ్చి రాత్రీ పగలూ ఊడ్చేస్తుంటే చిన్న పడవల వాళ్ళు చేప తగ్గిపోతోంది మొర్రో అని ముందు నుంచీ చెప్తూనే ఉన్నారు, ఎవరూ విన్లేదు. 1992 జూలైలో వేట మొత్తం ఆపేయాల్సి వచ్చింది, 30 వేల మందికి పైగా ఒక్కసారిగా పని పోయింది. ఆ తర్వాత తప్పంతా సీల్స్ మీదకి నెట్టారు. కాడ్‌ని ముంచింది సీల్ కాదు, ఓడలు, వాటికి పర్మిషన్లిచ్చిన వాళ్ళు. కానీ అక్కడే సెయింట్ లారెన్స్ సింధుశాఖ దక్షిణ భాగంలో మిగిలిన కాస్త కాడ్ మళ్ళీ కోలుకోకుండా బూడిద సీల్సే తినేస్తున్నాయని అక్కడి ప్రభుత్వ సైంటిస్టులే తేల్చారు. అంటే మనిషి ముంచాడు, మునిగినదాన్ని లేవనీకుండా సీల్ తొక్కిపట్టింది, రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ళ మాట నేనైతే నమ్మను.

మరి జాలరి ఏం చేయాలి అంటే, జాలరి ఒక్కడే ఏమీ చేయలేడు, చేయమనడం కూడా అన్యాయం. స్వీడన్, ఫిన్లాండ్ వాళ్ళు ఏం చేశారో చూడు. సీల్ పళ్ళకి తెగని గట్టి దారంతో, రెండు పొరల వలతో చేప ఉండే గది ఒకటి చేశారు, దాని అడుగున గాలి నింపే తొట్లు, పంపుతో గాలి కొడితే గది మొత్తం నీళ్ళ పైకి తేలుతుంది, జాలరి పడవలోంచే తలుపు తీసి చేపలు దించుకుంటాడు. ఇది ఖరీదైన సరంజామా, కొనడానికి గవర్నమెంటు సాయం చేసింది, సీల్ వల్ల పోయిన చేపకి నష్టపరిహారం కూడా ఇస్తారు. లెక్క ప్రకారం ఏడాదికి ఇన్ని అని వేటకి అనుమతి కూడా ఇస్తారు. ఇంత చేసినా అక్కడి జాలర్లు సంతోషంగా ఉన్నారని చెప్పలేను, చాలామంది ఇది చాలదనే అంటారు. కానీ కనీసం వాళ్ళ వల చిరిగితే అది దేశం మొత్తం బాధ్యత అని ఒప్పుకున్నారు, నాకు అందులో నచ్చింది అదే.

మనకి సీల్ లేకపోయినా ఇందులో మన లెక్క ఉంది. మన రాష్ట్రంలో 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదు, అది తెప్పల వాళ్ళ వాటా. రాత్రిపూట ఆ లోపల ఎవరి లైట్లు కనపడతాయో మీ ఊళ్ళో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. చేప తగ్గిందని తాబేలునో డాల్ఫిన్‌నో అనేముందు ఆ 8 కిలోమీటర్ల సంగతి గట్టిగా అడగాలి.

*

సీల్స్ వస్తే వాటి వెనక సొరలు కూడా వస్తాయంట కదా? మేము చింతపల్లి బీచ్‌కి వెళ్తూ ఉంటాం.
– ఇంటర్ విద్యార్థిని, పూసపాటిరేగ

కేప్ కాడ్‌లో అదే జరిగింది తల్లీ. సీల్స్ పెరిగాక వాటిని తినే గ్రేట్ వైట్ సొరలు ఒడ్డు దాకా రావడం మొదలైంది, 2018లో ఒక కుర్రాడు చనిపోయాడు, ఆ రాష్ట్రంలో 1936 తర్వాత అలా జరగడం అదే. బీచ్‌ల దగ్గర సొర బొమ్మ ఉన్న ఊదా రంగు జెండాలు ఎగరేస్తారు, సొరలున్నాయి జాగ్రత్త అని. సీల్స్‌ని తగ్గించాలని కొందరు, అదే ఊళ్ళలో సీల్స్ చూపించే బోట్లు నడిపి బతికేవాళ్ళు కొందరు. చింతపల్లిలో ఆ సొర భయం లేదు, అక్కడ ప్రాణాలు తీసేది లోపలికి లాగేసే నీటి పాయ. కార్తీకమాసం స్నానాలప్పుడు, పిక్నిక్కులప్పుడు మోకాలి లోతు దాటి దిగొద్దు, ఒకవేళ లాగేస్తే ఒడ్డుకి ఎదురీదకుండా తీరం వెంబడి పక్కకి ఈదాలి.

*

అక్కా, మాది సోంపేట దగ్గర పల్లె. జనవరి వచ్చిందంటే తాబేళ్ళు వలలో పడతాయి, వల చిరిగిపోద్ది. ఒడ్డున చచ్చిన తాబేలు కనపడితే మేవే చంపినట్టు వచ్చి అడుగుతారు. మేవు చంపుతామా? శ్రీకూర్మం సామని దండం పెట్టుకుని ఒగ్గేస్తాం. కొత్త వల కొనాలంటే వేలకి వేలు, ఆ డబ్బులు ఎవులిస్తారు?
– ఒక మత్స్యకార మహిళ

అమ్మా, మీ ఉత్తరం చదివాక చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. సీల్స్ గురించి ఇంత రాస్తున్నానంటే అసలు ఈ ప్రశ్న కోసమే.

చంపేది ఎక్కువగా ఎవరో ముందు చెప్తా. ఆలివ్ రిడ్లే తాబేలు కూడా గాలి పీల్చేదే, మాటిమాటికీ పైకొచ్చి ఊపిరి తీసుకోవాలి. మీ వల చిన్నది, తొందరగా లాగుతారు, తాబేలు పడితే కనపడుతుంది, వదిలేస్తారు. రొయ్యల బోటు గంటల తరబడి అడుగున వల ఈడుస్తుంది, అందులో పడ్డ తాబేలు ఊపిరాడక చచ్చిపోతుంది, దాన్ని నీళ్ళలో పడేస్తే కెరటానికి మీ ఒడ్డుకొస్తుంది. శవం మీ ఊళ్ళో తేలింది కాబట్టి ప్రశ్న మిమ్మల్ని అడుగుతారు.

దీనికి టెడ్ అని ఒక సాధనం ఉంది. బోటు వల గొంతు దగ్గర ఏటవాలుగా ఇనప కడ్డీల చట్రం బిగిస్తారు, కడ్డీల సందుల్లోంచి రొయ్య వెనక సంచిలోకి పోతుంది, తాబేలు పట్టదు కాబట్టి చట్రం మీదకి జారి పైనున్న కన్నంలోంచి బయటపడుతుంది. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్ళు మన బోట్లకి సరిపడేది తయారుచేశారు. చేప కూడా జారిపోతుందని బోటు ఓనర్లు బిగించట్లేదు. టెడ్ లేదన్న కారణంతోనే అమెరికా మన సముద్రపు రొయ్యని కొనడం ఆపేసింది, 2019 నుంచి ఆ తలుపు మూసుకునే ఉంది. బోటు వాళ్ళు చట్రం పెట్టకపోతే, రొయ్య రేటు పడిపోయి నష్టపోయింది తెప్ప మీద రెండు బుట్టల రొయ్య తెచ్చిన మీరు కూడా.

ఇంకోటి. మనకి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అది చేప గుడ్లు పెట్టే కాలానికి. తాబేళ్ళు గుడ్లకొచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ లోపే, అప్పుడు బోట్లన్నీ సముద్రం మీదే ఉంటాయి. మన పైన ఒడిశాలో గహీర్‌మఠ, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర నవంబర్ నుంచి మే నెలాఖరు దాకా 20 కిలోమీటర్ల లోపు వేట ఆపేస్తారు. ఋషికుల్యలో 2025 ఫిబ్రవరిలో దగ్గర దగ్గర ఏడు లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. అక్కడి గంజాం తీరం పల్లెల్లో చాలామంది తెలుగు మాట్లాడే మన జనమే, సోంపేట, కవిటి వైపు వాళ్ళకి వియ్యాలున్న ఊళ్ళే. రాత్రుళ్ళు లైట్లు ఆర్పేసి, కుక్కల్ని తరిమి, దారి తప్పిన పిల్లల్ని బుట్టల్లో తెచ్చి నీళ్ళలో వదిలేది ఆ ఊళ్ళ కుర్రాళ్ళే.

డబ్బు ఎవరిస్తారన్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్తా, తాబేలు కోసం కోసిన వలకి ప్రభుత్వం డబ్బివ్వాలి, అదీ ఫోన్‌లో తీసిన ఫోటో చూపిస్తే నెలలోపు అకౌంట్‌లో పడేలా. వేట నిషేధం భృతి ఇవ్వడానికి పేర్ల లిస్టు, అకౌంట్ నంబర్లు అన్నీ మత్స్యశాఖ దగ్గర ఉన్నాయి, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. మీ ఊళ్ళో మత్స్యకార సహకార సంఘం తరఫున తీర్మానం రాసి కలెక్టర్ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో (ఇదివరకటి స్పందన) ఇవ్వండి, పదిమంది ఆడవాళ్ళు కలిసి వెళ్ళండి.

చివరగా ఒక పని చెప్తా, బోటు మీద పనిచేసే మీ వాళ్ళకి చెప్పండి. వలలోంచి తీసిన తాబేలు కదలకుండా ఉంటే చచ్చిందనుకుని వెంటనే విసిరేయొద్దు, చాలాసార్లు స్పృహ మాత్రమే తప్పి ఉంటుంది. వెల్లకిలా వేయకూడదు. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం కింద టైరో చెక్కో పెట్టి జానెడు ఎత్తు లేపితే ఊపిరితిత్తుల్లో నీళ్ళు దిగుతాయి. నీడలో ఉంచి తడిగుడ్డ కప్పాలి, ముక్కు మూయకూడదు. కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజంతా. కదలిక వచ్చాక ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వల లేనివైపు నుంచి మెల్లగా నీళ్ళలోకి జార్చాలి.

*

నేను ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోటు మీద పనిచేస్తా. అక్కడ చుక్కల పెద్ద సొర వలలో పడితే వల కోసి వదిలేస్తారు, ఓనర్‌కి వల డబ్బులొస్తాయి. నీళ్ళలోకి దూకి కోసేది మేము, మాకేటి రాదు.
– వలస మత్స్యకారుడు, శ్రీకాకుళం జిల్లా

మీరు చెప్పేది తిమింగల సొర, ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద చేప, మనిషిని ఏమీ చేయదు. ఒకప్పుడు గుజరాత్ తీరంలోనే దాన్ని కాలేయం నూనె కోసం, మాంసం కోసం వందల్లో చంపేవాళ్ళు. 2001లో మన వన్యప్రాణి చట్టంలో చేర్చారు, చేపల్లో ఆ రక్షణ మొదట దొరికింది దానికే. ఒట్టి చట్టం పెట్టి ఊరుకోకుండా 2004 నుంచి అక్కడ ఊరూరా ప్రచారం చేశారు, కాన్పుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల ఇది, చంపుతామా అని రామకథ చెప్పే మొరారీ బాపూ లాంటి వాళ్ళ చేత చెప్పించారు, కోసిన వలకి అటవీ శాఖ పరిహారం ఇవ్వడం పెట్టారు. అప్పట్నుంచి వందల సొరల్ని వదిలేశారు. మన దేశంలో ఇంత బాగా పనిచేసిన పద్ధతి తీరంలో ఇంకోటి నేను చూడలేదు.

మీ బాధ కూడా న్యాయమైనదే. పరిహారం వలకి కాబట్టి వల ఎవరిదైతే వాళ్ళకి పోతుంది, టన్నుల బరువున్న జంతువు పక్కన కత్తి పట్టుకుని దూకినవాడి ధైర్యానికి లెక్క లేదు. పడవ మీద ఉన్నవాళ్ళందరికీ భాగం రాయాలి. సీజన్ మొదట్లో తండేలుతో మాట్లాడుకునేటప్పుడే ఈ డబ్బులో కూలీల వాటా ఎంతో అందరూ కలిసి మాట్లాడుకోండి, ఒక్కరే అడిగితే పని పోతుంది.

*

మా తేలినీలాపురం పక్షుల్ని మా ఊరివాళ్ళు ఆడపడుచుల్లా చూసుకుంటారు, అవి సైబీరియా నుంచి వస్తాయని పిల్లలకి చెప్తున్నాం, నిజమేనా? సీల్స్‌ని కూడా అక్కడివాళ్ళు ఇలా చూస్తారా?
– ఉపాధ్యాయుడు, టెక్కలి మండలం

సైబీరియా మాట సరికాదు మాస్టారూ, దయచేసి సరిచేసి చెప్పండి. మీ చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ మన దక్షిణాసియా పక్షులే, వానలు, నీళ్ళు, చేప ఎక్కడుంటే అక్కడికి ఈ దేశంలోనే తిరుగుతాయి. సీల్స్‌ని అంత ప్రేమగా చూసే ఊళ్ళున్నాయి, తిట్టుకునే ఊళ్ళూ ఉన్నాయి. మీ ఊళ్ళో పక్షి నౌపడా మడుగుల్లో చేప తిని మీ పెరట్లో పిల్లల్ని పెంచుతుంది, రెట్ట వాసన తప్ప మీ జేబుకి పెద్ద చిల్లు లేదు. రేపు అవే పక్షులు చేపల చెరువుల మీద పడితే చెరువు రైతు ఆడపడుచు అంటాడా? అనకపోతే వాడు చెడ్డవాడు కాదు, నష్టం వాడి ఒక్కడి నెత్తిన పడింది, అంతే.

*

రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజర్ అమెరికా వాళ్ళ సీల్ చట్టం వల్ల మనకి కొత్త రూల్స్ అన్నారు. అదేంటో అర్థం కాలేదు.
– ఒక పాఠకురాలు, భోగాపురం

పైన చెప్పిన 1972 చట్టమే అమ్మా. అందులో ఒక మాట ఉంది, మా జాలర్లకి పెట్టిన కట్టుబాట్లు మాకు చేపలమ్మే దేశాలు కూడా పాటించాలి అని. చాలా ఏళ్ళు అది కాగితం మీదే ఉండిపోయింది, 2016లో దానికి రూల్స్ రాశారు. మనకి సీల్స్ లేవు గానీ డాల్ఫిన్లు, తిమింగలాలు ఉన్నాయి కదా, అవి మన వలల్లో ఎన్ని చస్తున్నాయో లెక్క చూపించాలి. అందుకే మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, భారత మత్స్య సర్వేక్షణ వాళ్ళు ఓడలేసుకుని వాటిని లెక్కపెట్టే పని పెట్టుకున్నారు. మంచిదే. కాకపోతే ఓడ ఏడాదికి ఏ కొన్నిసార్లో వస్తుంది, కళింగపట్నం, బారువ, ముక్కాం జాలర్లు రోజూ చూస్తారు, ఏ నెల్లో ఏ లోతులో ఎన్ని డాల్ఫిన్లు తిరుగుతాయో వాళ్ళ నోట్లో ఉంది. ఆ లెక్క కూడా రాసుకోవాలి, రాసిచ్చినవాళ్ళకి రోజు కూలీ ఇవ్వాలి.

*

ఆంటీ, బీచ్‌లో ఆడుకుంటుంటే తాబేలు గుడ్లు కనపడితే ఇంటికి తీసుకెళ్ళి పొదిగించొచ్చా?
– ఏడో తరగతి విద్యార్థి, కవిటి

వద్దు నాన్నా, అస్సలు ముట్టుకోవద్దు. గుంటలో వంద పైగా గుడ్లుంటాయి, పెట్టిన కొన్ని గంటల తర్వాత వాటిని అటూ ఇటూ తిప్పినా లోపల పిల్ల చచ్చిపోతుంది. ఆ ఇసక వేడే వాటిని పొదుగుతుంది, సుమారు 50 రోజులు, వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి. తీరంలో అటవీ శాఖ వాళ్ళు చాలాచోట్ల కంచె కట్టి గుడ్లు కాపాడుతున్నారు, ఊళ్ళో ఆ పని చేసే అన్నయ్యలు ఉంటారు, వాళ్ళకి చెప్పు. వాళ్ళొచ్చేదాకా నువ్వూ నీ ఫ్రెండ్సూ కుక్కలు తవ్వకుండా కాపలా ఉండండి, మీ అమ్మకి చెప్పి వెళ్ళండి, చీకటి పడితే టార్చి వేయొద్దు.